తొలిచూలు నెలలు

ఇంటి కోడలు తొలిసారి గర్భవతి యైనదని చెప్పుటకు తెలుగువారికి మాటల కొదువ లేదు. నెల తప్పినదందుము, నీళ్ళు పోసుకొన్నదందుము, కడుపుతో నున్నదందుము. వీటన్నింటికంటె మాకు సొంపుగా తోచునది, పెద్ద ముత్తైదువలు గొంతు తగ్గించి చెప్పు “ఒట్టి మనిషి కాదు” అను మాట. ఇంకను కంటికి కనబడని దానిని గూర్చి, లేదను పదముతోనే ఉన్నదని చెప్పు నేర్పు ఆ మాటలో నున్నది. కానుపును గూర్చి, నిండుచూలాలిని గూర్చి వ్రాసినవారు అనేకులు. కాని నెల తప్పిన నాటినుండి ఆరవ నెల వరకు జరుగు కాలమునకు చరిత్రలో దక్కిన చోటు స్వల్పము. ఆ నెలలలో పైకి అగుపడునది కొంచెమే కదా! మన పూర్వులు మాత్రము ఆ కాలమును ఏమరలేదు.

సీమంతమును చూడుడు. నేడు దానిని ఏడవ నెలలోనో, మరియొక బేసి నెలలోనో చేయుట ఎక్కువ వాడుక. మన ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములలో పలువురు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము దానిని మొదటి గర్భమునందు, నాలుగవ నెలలో చేయుమని విధించినది. సీమంతమనగా పాపట. మూడు తెల్లని మచ్చలు గల ఏదుముల్లుతో, దర్భలతో, మేడి కాయల గుత్తితో భర్త భార్య పాపటను నుదుటినుండి పైకి తీయవలెను. మేడి కాయలెందుకో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ చెట్టు కాపు చూచినవారికి తెలియును. అనంతరము వీణలు వాయించువారిని పాడుమందురు. ఈ పాటను గూర్చి ఆశ్వలాయనుడు చెప్పిన నియమము ముచ్చటయైనది: ఆ దంపతులు ఏ నది యొడ్డున నివసించుచున్నారో ఆ నది పేరు పాటలో రావలెను. రాజమహేంద్రవరము ఇల్లాలికి గోదావరి, విజయవాడ ఇల్లాలికి కృష్ణ. పుట్టబోవు బిడ్డకు ఊరిని, నీటిని ముందుగనే పరిచయము చేయుట యన్నమాట.

నాలుగవ నెల యేల? దీనికి సమాధానము వైద్యగ్రంథములలో దొరకునని మా అభిప్రాయము. గర్భస్థ శిశువునకు నాలుగవ నెలలో హృదయము వ్యక్తమగునని, అప్పటినుండి తల్లి రెండు హృదయములు గలది యగునని సుశ్రుతుడు చెప్పెను. చరకుడు దీనిని మూడవ నెలలోనే చెప్పెను. ఆమెకు ‘దౌహృదిని’ యని పేరు. అప్పుడు ఆమెకు కలుగు కోరిక ఆమె యొక్కదానిది కాదు, లోపలి హృదయముది కూడ. దానిని తీర్చకున్నచో బిడ్డ గూనివాడో, కుంటివాడో, మందబుద్ధియో కాగలడని సుశ్రుతుడు హెచ్చరించెను. నేటి వైద్యశాస్త్రము ఈ హెచ్చరికను అంగీకరింపదు. గుండె కొట్టుకొనుట కూడ గర్భము నిలిచిన నాలుగవ వారము లోపుననే ఆరంభమగునని నేడు తెలిసినది. అయినను ఆ నమ్మకము చేసిన మేలును మనము తక్కువగా చూడరాదు. అత్తవారింట నోరెత్తి మంచినీళ్ళు అడుగుటకే జంకు కోడలికి, నాకిది కావలెనని అడుగు హక్కును అది యిచ్చినది. ఆ కోడలి వయస్సెంత? 1929లో చేయబడిన శారదా చట్టము బాలికల వివాహమునకు కనీసము పదునాలుగేండ్లని నిర్ణయించుటకే ఎంతో ఆందోళన కావలసి వచ్చెను. అంతకు పూర్వపు తొలిచూలాండ్రలో ఎందరు ఇంకను బాలికలో దీనినిబట్టి ఊహింపవచ్చును.

కవులు ఈ దౌహృదమును వదలలేదు. గర్భవతియైన సీత అడవులను మరల చూడగోరినది. ఆ కోరికయే ఆమె పరిత్యాగమునకు సాకైనది. రఘువంశమున సుదక్షిణ మన్ను తిన్నది. మట్టివాసన గల ఆమె మోమును దిలీపుడు తనివి తీరక ఆఘ్రాణించెనని కాళిదాసు వర్ణించెను. రాణి మన్ను తినుట కవికి శృంగారము. మన పల్లెలలో చూలాండ్రు చాటుగా మన్ను, బొగ్గు, సుద్ద, పచ్చి బియ్యము తినుట అందరెరిగినదే. దానిని వైద్యులు నేడు ఒంటిలో ఇనుము తరిగిపోవుటకు ఒక గుర్తుగా పరిగణించి, రక్తపరీక్ష చేయింతురు.

కాని వీరందరికంటె మిన్నగా ఈ సంగతి నెరిగిన కవి యెవరో మనకు పేరైనను తెలియదు. శాతవాహనుడైన హాలుడు కూర్చెనని ప్రసిద్ధమైన ప్రాకృత గాథాసప్తశతిలో ఒక గాథ గలదు. శ్రీనాథుడు తన తొలి యౌవనమున తెనిగించితినని చెప్పుకొన్న గ్రంథమే యిది; ఆ తెనుగుసేత నేడు లభ్యము కాదు. ఆ గాథలోని ఇల్లు నిరుపేద ఇల్లు. ఇల్లాలు గర్భవతి. భర్త నీకేమి తిన వేడుకగా నున్నదని అడుగును. ఏదైన పేరు చెప్పినచో అతడు తేలేడు, తేలేక లోలోన కుమిలిపోవును. అందుచేత ఎన్నిమార్లు అడిగినను ఆమె నీళ్ళు కావలెనని మాత్రమే చెప్పుచుండును. రెండు పాదముల కవిత్వము అంతే. దౌహృదము తీర్చవలెనను శాస్త్రము, తీర్చలేని సంసారము ఒకచోట ఎదురుపడినప్పుడు ఏమి జరుగునో వైద్యగ్రంథములు వ్రాయలేదు; ఈ గాథ వ్రాసినది. ఆమె దాచుకొన్న ఆకలి ఆమె రక్తమును ఏమి చేసినదో తెలియుటకు ఇంకను పదునెనిమిది, పందొమ్మిది వందల యేండ్లు పట్టెను.

అచ్చటికి పోవుటకు ముందు రెండు మూడు సంగతులు చెప్పవలెను. మొదటిది, గర్భమున్నదీ లేనిదీ తెలిసికొనుట. గోధుమ, యవ గింజలపై స్త్రీ మూత్రమును పోసి, మొలచినచో గర్భమని నిర్ణయించు పద్ధతి ప్రాచీన ఈజిప్టు పత్రములందున్నది. 1963లో అక్కడి శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి చూడగా నూటికి డెబ్బది పర్యాయములు గర్భిణుల విషయమున గింజలు మొలచినవట! 1928లో జర్మనీలో ఆష్‌హైం, జోండెక్ అను వైద్యులు చిట్టెలుకలతో పరీక్ష కనిపెట్టిరి. తరువాత దక్షిణాఫ్రికా కప్పలు వచ్చినవి: గర్భిణి మూత్రమును సూదితో ఎక్కించినచో కప్ప కొన్ని గంటలలోనే గ్రుడ్లు పెట్టును. 1960 ప్రాంతమున రక్షక పదార్థముల సహాయముతో గాజు గొట్టములోనే పరీక్ష సాధ్యమై, కప్పలకు సెలవు దొరకినది. 1970ల చివరకు ఇంటిలోనే చేసికొను పరీక్ష అమెరికాలో అంగడికెక్కినది.

రెండవది, కదలిక. బిడ్డ కదలినట్లు తల్లికి తెలియుట తొలిచూలులో సాధారణముగా పద్దెనిమిది, ఇరువది వారముల నడుమ. మలిచూలులో కొంత ముందు. తొలిసారి దానిని వాయువని భ్రమపడువారు చాలమంది. ఈ కదలికకు చట్టము సైతము పెద్దపీట వేసినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి గర్భస్రావ నేరమునకు మూడేండ్ల శిక్ష విధించి, బిడ్డ కదలిన తరువాతనైనచో ఏడేండ్లని పెంచినది. 2024లో దాని స్థానమున వచ్చిన న్యాయసంహితలో కూడ ఈ భేదము నిలిచినది. వైద్యులు మాత్రము 1971 నాటి చట్టము తరువాత వారముల లెక్కనే చూచుచున్నారు. తల్లి చెప్పినదే సాక్ష్యముగా నున్న చోట, 1821లో ఫ్రాన్సున కెర్గరాడెక్ అను వైద్యుడు నాళమును పొట్టపై నుంచి బిడ్డ గుండె చప్పుడు విన్నాడు. 1958లో గ్లాస్గోలో ఇయన్ డొనాల్డు ప్రభృతులు ధ్వనితరంగములతో లోపలి బొమ్మనే చూపిరి.

మూడవది వేవిళ్ళు. ఉదయము లేచిన మొదలు వాంతులు, అన్నము వాసన పడకపోవుట, చింతకాయమీద, మామిడికాయమీద మనసు. పుట్టింటివారు చలిమిడి తెచ్చి పెట్టుట మన ఆచారము. తడిబియ్యపు పిండి, బెల్లము కలిపిన ఆ ముద్ద వేవిళ్ళను కుదుర్చునో లేదో గాని, అపకారము మాత్రము చేయదు. ఈ మాట యెందుకనవలసి వచ్చెననగా, 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమాత్ర విడుదలయైనది. మిక్కిలి క్షేమమైనదని ప్రకటించి వేవిళ్ళకు కూడ వాడించిరి. 1961 నవంబరులో లెంజ్ అను వైద్యుడు నిజము బయటపెట్టి దానిని నిలిపించు నాటికే వేలకొలది శిశువులు కాలుసేతులు లేకయే పుట్టిరి. మొత్తము పదివేలకు పైబడినదని అంచనా. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అను అధికారిణి రుజువులు చాలవని అనుమతి నిరాకరించుటచే అచ్చటివారు చాలవరకు బయటపడిరి. మొదటి మూడు నెలలలో వైద్యుని అడుగక ఏ మందును మ్రింగరాదను నేటి కట్టుబాటు ఆ శిశువులు పెట్టిన భిక్ష. ఇక వేవిళ్ళకు కారణమో, మావినుండి తల్లి రక్తములోనికి వచ్చు జి.డి.ఎఫ్. 15 అను పదార్థమునకు ఇందులో ముఖ్యపాత్ర గలదని 2023 డిసెంబరులో ప్రకటింపబడినది. గర్భమునకు ముందు ఆ పదార్థము ఒంటిలో తక్కువగా నున్నవారికే బాధ యెక్కువట. “నంగనాచి వేషములు” అని కోడండ్రను ఎత్తిపొడిచిన అత్తగార్లు దీనిని వినదగును.

ఇక ఆకలి సంగతి. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలు గర్భిణులైనప్పుడు విపరీతముగా పాలిపోయి, ఆయాసపడి, ఎందరో మరణించుచుండిరి. స్త్రీ వైద్యసేవలో నున్న మార్గరెట్ బాల్ఫర్ అను వైద్యురాలు అంతకు ముందే దీనిని గమనించియుండెను. ఆ రక్తమును సూక్ష్మదర్శినిలో చూడగా ఎర్రకణములు కొద్దిగా, కాని పెద్దవిగా నుండెడివి. సూక్ష్మజీవి కారణమేమో యని వెదకిరి, దొరకలేదు. విల్స్ ఆ స్త్రీలు ఏమి తినుచున్నారని అడిగెను. అడుగవలసిన ప్రశ్న అదియే! పండ్లు, కాయగూరలు ఎరుగని పేదలకే ఈ జబ్బెక్కువ. కలిగిన యిండ్ల వారికి తక్కువ.

ఆమె ఆ స్త్రీల తిండినే ఎలుకలకు పెట్టి చూచెను. అవియు పాలిపోయినవి. కాని పేలు కొరుకుటచే వచ్చు వేరొక జబ్బు ఆ ఎలుకలలో నున్నదని బయటపడి, ఆ శ్రమ కొంత నీటిపాలైనది. తరువాత కోతులను తీసికొనెను. మందులేవియు పట్టని ఒక కోతికి, సారాయి బట్టీలలో మిగిలిన ఈస్టునుండి తీసిన ‘మార్మైట్’ అను చవుక సరకును తినిపించగా, అది తేరుకొనెను. రొట్టెలకు రాచుకొను ఆ నల్లని లేహ్యమునే గర్భిణులకిచ్చి, వారి రక్తము మరల పుంజుకొనుట చూచి, 1931లో ఆమె దీనిని ప్రకటించెను. ఈ మధ్య 1929లో కొంతకాలము కూనూరులో, 1931లో మద్రాసులోని గోషా ఆసుపత్రిలో కూడ ఆమె పనిచేసెను. ఆమె వెళ్ళిన నాడు కూనూరున మెకారిసన్ నాయకత్వమున నున్న పోషకాహార పరిశోధనమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది.

ఈస్టులో నున్న ఆ గుణకారి యేది? పదేండ్లపాటు దానికి ‘విల్స్ పదార్థము’ అనియే పేరు. 1941లో అమెరికాలో టెక్సాసు శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూరనుండి దాని నించుక రాబట్టి, ఆకునుండి వచ్చినది గావున ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. టన్నుల ఆకునుండి చిటికెడు వచ్చుచో పేదరాలికి అందునా? దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేయుట 1945లో న్యూయార్కు సమీపమున లెడర్లీ సంస్థలో నెరవేరినది. ఆ పరిశోధనకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. సోదరులను స్ప్రూ అను వ్యాధికి కోల్పోయి, తానును దానితో బాధపడినవాడు. ఆ వ్యాధిలో ఒంటికి అందక లోపించునది ఈ ఫోలిక్ ఆమ్లమే యగుట గమనింపదగినది. బొంబాయి మిల్లు కూలి కడుపునుండి మొదలైన ప్రశ్నకు భీమవరపు బిడ్డ మాత్రరూపమున సమాధానము పంపెను. తన చేతితో చేసిన మందును తన దేశపు గర్భిణులు మ్రింగుట చూడక, 1948లో ఆయన కన్నుమూసెను.

1970లో భారత ప్రభుత్వము గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు పంచు పథకమును ఆరంభించెను. 1991లో మరియొక విశేషము తేలినది. గర్భము నిలుచుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నవారి బిడ్డలలో, వెన్నుపాము సరిగా మూసికొనని లోపము నూటికి 72 వంతులు తగ్గినది. లోపుగల బిడ్డను అంతకు ముందు కన్న తల్లులను తీసికొని చేసిన పరీక్ష యిది. వెన్ను మూసికొనుట గర్భము నిలిచిన ఇరువది యెనిమిది దినములలోనే ముగియును. అప్పటికి పెక్కురు ఇల్లాండ్రకు నెల తప్పినదను సంగతియే నిలకడగా తెలియదు. అందుచే నేడు వైద్యులు ఈ మాత్రను పెండ్లియైన క్రొత్తజంటలకు ముందుగనే చెప్పుచున్నారు.

ఇంత జరిగినను, 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో దేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులుగా తేలిరి. అయిదేండ్లకు ముందరి సర్వేలో 50. ఆరోగ్య కార్యకర్త ఇంటికి తెచ్చి యిచ్చు మాత్రలు దినమున కొకటి చొప్పున నూట యెనుబది దినములు వాడవలెను. కడుపులో తిప్పుట, మలము నల్లబడుట, మలబద్ధకము కలుగుటచే పలువురు కొన్నాళ్ళకే వానిని డబ్బాలో దాచి, అడిగినవారికి వేసికొనుచున్నామని చెప్పుదురు. నల్లబడుట ఇనుము వలననే గాని అపాయము కాదు. మాత్రను కాఫీ, టీలతో వేసికొన్నచో ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసముతోనో, పుల్లని పండుతోనో చక్కగా పట్టును. వాంతులున్నవారు రాత్రి భోజనము తరువాత పడుకొనబోవునప్పుడు వేసికొన్నచో ఇబ్బంది కొంత తగ్గును.