మునెమ్మ వెనకాల నడిచిన కుర్రాడు

ఇంగ్లీషు పుస్తకాల షాపుల్లో 'యంగ్ అడల్ట్' అని ఓ అర విడిగా ఉంటుంది. కుర్రాడో అమ్మాయో ఇల్లు దాటి, దెబ్బలు తిని, పెద్దవాళ్లవుతారు. ఇదీ అక్కడి సరుకు. మనకి ఆ అర లేదు గానీ అలాంటి నవలలకి కొదవ లేదు.

కాస్త చరిత్ర తిరగేద్దాం. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరాడు. 1969లో నవీన్ 'అంపశయ్య' వచ్చింది. పల్లె నుంచి వచ్చిన రవి ఉస్మానియా హాస్టల్లో గడిపిన ఒక్క రోజే కథంతా. మధ్యలో నలభై అయిదేళ్లు గడిచాయి, స్వతంత్రం వచ్చింది. ఒక సూత్రం మాత్రం మారలేదు: ఎదగాలంటే ఊరు వదలాలి, చదువుకి పోవాలి. మనందరం కూడా ఆ సూత్రం పట్టుకుని బస్సెక్కినవాళ్లమే కదా!

ఈ సూత్రాన్ని పక్కన పెట్టి రాసినాయన చిత్తూరు జిల్లా డాక్టరు, కేశవరెడ్డి గారు. 1946లో తలపులపల్లెలో పుట్టారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ బతుకంతా సొంత జిల్లా పల్లెల గురించే రాశారు. 2015లో పోయారు. 'అతడు అడవిని జయించాడు' చాలామంది చదివే ఉంటారు. నేను చెప్పబోయేది 'మునెమ్మ' గురించి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2008లో వేసింది.

కథ క్లుప్తంగా ఇదీ. జయరాముడు భార్య మునెమ్మని అనుమానంతో గొడ్డును బాదినట్టు బాదుతాడు. ఇంట్లో ఉన్న గిత్తని అమ్మడానికి సంతకి తోలుకుపోతాడు. గిత్త తిరిగొస్తుంది, మనిషి రాడు. మునెమ్మ వెతకడానికి బయల్దేరుతుంది, తోడుగా వరసకి మరిదయ్యే సినబ్బ. కథ మనకి చెప్పేది ఆ సినబ్బే. ముగింపు చెప్పను, చదువుకోండి.

పుస్తకం వచ్చాక స్త్రీవాద కోణంలో పెద్ద చర్చే నడిచింది. కొట్టిన మొగుడి కోసం ఈవిడ ఇంత కష్టపడ్డమేంటి అని. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ చర్చలో పడి మునెమ్మలో వచ్చిన మార్పుని చాలామంది దాటేశారేమో అనిపిస్తుంది నాకు. మొదట మనకి కనబడేది దెబ్బలు తిన్న ఇల్లాలు. ఆ తర్వాత కనబడేది ప్రశ్నలడిగే మనిషి. మన భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైలు లేని సిస్టంలో బగ్ వెతకడం లాంటిది ఆవిడ పని. గిత్త ఒంటరిగా వచ్చిందన్నదే మొదటి ఆధారం. అక్కడ్నించి ఒక్కో ముడీ విప్పుకుంటూ పోవాలి. ఏడుస్తూ కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. అయినా జరిగిందేమిటో తనకి తెలియాలి అనుకోడం దగ్గరే ఆవిడ ఎదగడం మొదలైంది. అది మొగుడి మీద ప్రేమా, కాదా అన్నది తర్వాతి సంగతి.

ఇక సినబ్బ. ఆడమనిషి ఒంటరిగా పోకూడదని మగపిల్లాణ్ణి తోడు పంపడం మన పల్లెల్లో ఆచారం. ఇక్కడ తమాషా చూడండి: తోడొచ్చినవాడు వెనకాల, వదిన ముందు. దారి ఆవిడది, నిర్ణయం ఆవిడది. చూడ్డం, గుర్తుపెట్టుకోడం, మనకి చెప్పడం అతని వంతు. ఐత్‌మాతొవ్ 'జమీల్యా' (1958) తెలుగులో చదివినవాళ్లకి ఇది వెంటనే గుర్తొస్తుంది. అక్కడా వదినని చూస్తూ పెద్దవాడైన మరిదే కథ చెబుతాడు. కానీ సెయిత్ చివరికి బొమ్మలు నేర్చుకోడానికి ఊరొదిలి వెళ్లాడు, మన పార్వతీశం లాగే. సినబ్బకి మాత్రం సంత దారే బడి, వదినే పంతులు.

అందుకే ఈ పుస్తకం మనలాంటివాళ్లు చదవాలంటాను. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లోంచి బెంగళూరుకో, చెన్నైకో, అమెరికాకో వచ్చేసిన మనకి, ఊళ్లో ఉండిపోయిన తమ్ముడు ఇంకా 'సెటిల్ కాలేదు'. ఫోన్లో మనం అడిగే మొదటి మాటే అది. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లినవాడు, కరువులో ఏ గొడ్డుని అమ్మాలో తేల్చుకున్నవాడు మన లెక్కలో ఇంకా చిన్నపిల్లాడే! ఆ లెక్క ఎంత తప్పో సినబ్బ చెప్తాడు.

పండక్కి ఊరెళ్లినప్పుడు జీతం, ఉద్యోగం పక్కన పెట్టి, వాడికేం తెలుసో ఒకసారి అడిగి చూడండి.