సైకిల్ మీద చరిత్ర – 3: తాత దిగి నడిచిన వీధి

సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు సైకిల్ తొక్కాను. కొత్తవలసలో బయల్దేరి విశాఖ, భీమిలి, విజయనగరం, రాజాం మీదుగా లక్ష్మీపేట దాకా. కొత్తవలస జంక్షన్ దగ్గర టీకొట్టాయన, "ఏటి మాస్టారూ, బండి పాడైపోనాదేటి?" అన్నాడు. సరదాకే తొక్కుతున్నానంటే నమ్మలేదు.

మా తాత కూడా నమ్మేవాడు కాదు. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. ఆ కట్టకు మట్టి మోసిన కూలి డబ్బులతో తాత ఒక పాత సైకిల్ కొన్నాడు. ఊళ్లో పెద్దవీధి మొదట్లోనే దిగిపోయి, చెప్పులు హ్యాండిల్‌కి తగిలించి, వీధి చివరిదాకా నడిపించుకుని వెళ్లేవాడు. సైకిల్ ఆయనదే, వీధి ఆయనది కాదు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాయనమ్మ చెప్పింది.

1983లో కాన్షీరాం డీఎస్4 కార్యకర్తలతో ఢిల్లీ నుంచి సైకిల్ యాత్ర తీశాడు. మరుసటి ఏడాది బీఎస్పీ పుట్టింది. సైకిల్‌ని ఖర్చు తక్కువని మాత్రమే ఎంచుకున్నాడనుకోను. దిగమన్న వీధుల్లో దిగకుండా వెళ్లడం కూడా రాజకీయమే.

విశాఖలో కుర్సురా సబ్‌మెరైన్ ముందు అందరిలాగే ఫోటో దిగాను, దాచడమెందుకు. మర్నాడు తొట్లకొండ ఎక్కేటప్పుడు మాత్రం సైకిల్ నన్ను మోయలేదు, నేనే దాన్ని తోశాను. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం, 1970లలో నౌకాదళం సర్వేతో మళ్లీ వెలుగులోకి వచ్చింది. భిక్షువులు నీటికోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. 1927లో మహాడ్ చెరువులో దోసెడు నీళ్ల కోసం మనవాళ్లు పోరాడాల్సి వచ్చింది. ఆ తొట్ల దగ్గర కూర్చుంటే అదే గుర్తొచ్చింది. చాలాసేపు లేవలేదు.

విజయనగరంలో కోట, గురజాడ ఇల్లు చూశాను. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడిన కన్యాశుల్కాన్ని ఏటా పాఠం చెబుతాను. ఈసారి మాత్రం 1911 నాటి 'లవణరాజు కల' బుర్రలో తిరిగింది. కులాన్ని అంత సూటిగా ప్రశ్నించినందుకు గురజాడంటే గౌరవమే. కానీ మాలపిల్ల రాజుగారి కలలోకే వస్తుంది. ఆమె ఉండే పేట నుంచి కోటకు ఎన్ని వీధులు దాటాలో పద్యం చెప్పదు.

నాలుగో రోజు చీపురుపల్లి దాటాక ఒక ఊరి రచ్చబండ దగ్గర నీళ్లడిగాను. పెద్దాయన చెంబు అందించబోతూ, "ఎవరి తాలూకా బాబూ?" అన్నాడు. మన ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్నకు ఊరి పేరు జవాబు కాదని మీకు తెలుసు. చెప్పాను. చెంబు కింద పెట్టాడు. నేను తాగకుండా సైకిలెక్కాను. ఆ వీధి చివరిదాకా దిగలేదు.

బొబ్బిలి యుద్ధం 1757 అని నా క్లాసులో అందరూ చెప్తారు. 2012 జూన్ 12న ఏం జరిగిందంటే ఇద్దరే చేతులెత్తారు. ఆ రోజు వంగర మండలం లక్ష్మీపేటలో తూర్పుకాపులు దాడి చేసి ఐదుగురు దళితుల్ని చంపారు. మద్దువలస రిజర్వాయరుకు ప్రభుత్వం సేకరించిన భూముల్లో మునగని చోట దళితులు సాగు చేసుకోవడమే ఆ తగాదాకి మూలం. దారిలో కోటలకీ గుళ్లకీ బోర్డులున్నాయి. ఈ ఊరి చరిత్ర చెప్పే బోర్డు నాకెక్కడా కనబడలేదు, అడుగుతూ వెళ్లాను.

సాయంత్రానికి పేటకు చేరాను. ఒకామె మంచం వాల్చి, నీళ్లిచ్చి, నేను తాగాక అడిగింది: "ఎవరి తాలూకా నాయనా?"

తాత పేరు చెప్పాను.