కోర్టు నెత్తిన దీపం

మంట దగ్గరికి జరగండి నాయనా. ఆ కందికట్టె ఇంకొకటి ఎగదొయ్యి. సెలవులకు సముద్రం చూడబోతామని పొద్దున్నుంచీ అనుకుంటాండారు గదా, మేం పోయిన ముచ్చట చెప్తా వినండి.

మనది సముద్రం లేని జిల్లా. పెన్న గండికోట లోయలో దూరి వచ్చి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి, నెల్లూరు అవతల సముద్రంలో కలుస్తాది. ఏరు పోయినంత దూరం మనుషులు పోయేది ఆ కాలంలో తక్కువ. మా జేజినాయన పోయినాడంటే కోర్టు పని మీదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనకు రాజధాని మద్రాసే, పెద్ద కోర్టూ మద్రాసే. భూమి కాగితాలు తువ్వాల్లో చుట్టుకోని, ఎర్రగుంట్లలో రైలెక్కి పోయేటోడు. తిరిగొచ్చినంక వాయిదా సంగతి ఒక్క మాటలో తేల్చేసి, దీపం సంగతి రాత్రంతా చెప్పేటోడు.

"కోర్టు నెత్తిన గోపురం, గోపురంలో దీపం. కింద మనం జానెడు గెనిమ కోసం కొట్లాడతాంటే, పైన అది ముక్కూ మొఖం తెలియనోళ్లకు దోవ చూపిస్తాంటాది" అనేటోడు.

ఆ మాట నా మనసులో నాటుకపాయ.

1979 ఎండాకాలం సెలవుల్లో ముగ్గురం బయల్దేరితిమి. నాది ప్రొద్దుటూరు, ఒకనిది జమ్మలమడుగు, ఇంకొకనిది పులివెందుల. కడపలో ఒకే గదిలో ఉండి చదువుకున్నోళ్లం. అప్పుడు ప్రొద్దుటూరుకు గానీ జమ్మలమడుగుకు గానీ రైలు ల్యా. ఎర్రగుంట్ల–నంద్యాల దారి పూర్తయ్యింది మొన్న 2016లో గదా. వాళ్లిద్దరూ ముద్దనూరులో ఎక్కి, తువ్వాలు పరిచి నాకు చోటు పట్టిరి. నేను ఎర్రగుంట్లలో ఎక్కితి. మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, ఊరిమిండి సద్దిమూట నా ఒళ్లో ఉండె.

తెల్లారి మద్రాసులో దిగి, మొదట పోయింది కోర్టు కాడికే. ఎర్రటి గోపురాలు ఆకాశానికి లేచినాయి. టీ అంగడాయన తెలుగాయన. దీపం యాడ స్వామీ అంటే, "ఇప్పుడు ఈడ లేదు. రెండేండ్లయింది మెరీనాకు పోయి" అనె. నా కాళ్లలో సత్తువ పాయ. ఆయనే కూర్చోబెట్టి దాని కథ చెప్పినాడు. 1796లో మొదటిసారి కోటలో ఒక మిద్దె మీద టెంకాయ నూనె దీపాలు పెట్టిరంట. 1844లో ఈ కోర్టు ఆవరణలోనే రాతి స్తంభం కట్టి దాని మీదికి మార్చిరి. ఆ స్తంభం చూపిచ్చినాడు. 1894లో గోపురం మీదికెక్కె. మా జేజినాయన చూసింది అదే. 1977లో మెరీనా చేరె. ఇల్లు మారినా దీపం ఆరలేదని నాకు ధైర్యమొచ్చె.

మధ్యాన్నం మెరీనాకు పోతిమి. కొత్తగా కట్టిన ఎత్తైన స్తంభం, ఎర్ర చారలు, తెల్ల చారలు. లోపల లిఫ్టు. పైకి పోయి వరండాలో అడుగుపెడితే గాలికి పంచెలు నిలవవు. కటకటాలు పట్టుకుంటే అరచేతికి ఉప్పు జిగట. ఎదురుగా నీళ్లు, నీళ్ల అవతల నీళ్లు. పులివెందులోడు శానాసేపు మాట్లాడల్యా. వాళ్ల నాయన చీనీతోట ఆ యేడు నీళ్లు లేక ఎండిపాయ. ఆఖరికి అనె గదా, "ఇన్ని నీళ్లుండీ ఒక్క చెట్టుకు పనికిరావు గదప్పా" అని. కండ్లల్లో నీళ్లు పెట్టుకున్యాడు.

దిగొచ్చి ఇసకలో కూర్చుంటిమి. అక్కడ పొద్దు మునిగేది ఊరి వెనక. అందుకే సముద్రం ముందుగా నల్లబడతాది. సద్ది విప్పి రొట్టె తుంచుకుంటాంటే దీపం వెలిగె. పైనెక్కినప్పుడు చూసింది సముద్రాన్ని. దీపాన్ని చూసింది ఇప్పుడే. వెలుగు నీళ్ల మీద పోయి, తిరిగి మళ్లా వస్తాండె. పక్కన వల సర్దుకుంటాన్న ముసలాయన వచ్చీరాని తెలుగులో చెప్పినాడు: "ఒక్కో ఊరి దీపానికి ఒక్కో లెక్క. ఎన్నిసార్లు మెరిసె, ఎంతసేపటికి మెరిసె అని లెక్కబెడితే మా ఊరు ఏదో తెలుస్తాది." అది విని ముగ్గురం నోట్లోనే లెక్కబెట్టబట్టితిమి.

మా జేజినాయన మద్రాసు నుంచి వచ్చినంక పెన్న రేవు కాడ చింతచెట్టుకు లాంతరు కట్టడం మొదలుపెట్టినాడంట. రాత్రిపూట ఏరు దాటేటోళ్లకు. ఎందుకు కట్టేటోడో నాకు ఆ ఇసకలో తెలిసొచ్చె.

నడుమ శానా ఏండ్లు భద్రత కోసమని జనాన్ని ఆ మెరీనా దీపస్తంభం పైకి పోనియ్యల్యా. 2013లో మళ్లా తెరిచినారు. మీరు పోండి, ఎక్కండి, ఫోటోలు తీసుకోండి. అయితే దిగినంక రూముకు పరిగెత్తొద్దు నాయనా. చీకటి పడేదాకా ఇసకలో కూర్చోండి. దీపం మెరిసేది లెక్కబెట్టండి. పులివెందులోడు పోయి ఆరేండ్లాయ. ఆ రాత్రి వాడు అట్ల లెక్కబెడతానే, నా తొడమీద తలబెట్టి నిద్రపోయినాడు.