పాటల కాగితం పంచిన గడ్డం మనిషి

అమెరికాలో పాత సామాన్లమ్మే దుకాణాల్లో గ్రామఫోను రికార్డుల పెట్టె దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఒకే మనిషి ఎదురయ్యేవాడు. కోసుగా దిద్దిన చిన్న గడ్డం, నిండు నవ్వు. పేరు మిచ్ మిల్లర్. ఇన్ని రికార్డులు ఎవరు కొన్నారు, ఎందుకు వదిలించుకున్నారు? ఒకటి తెరిస్తే లోపల పాటల సాహిత్యం అచ్చేసిన కాగితాలున్నాయి, చింపి తలా ఒకటి పంచుకోవడానికి. ఆ కాగితాలు చూశాక ఈయన సంగతేమిటో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

మిల్లర్ సామాన్యమైన సంగీతజ్ఞుడు కాడు. 1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పుట్టాడు. అక్కడి ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో చదివాడు. జంట రెల్లు పీకతో ఊదే ఓబో వాద్యంలో దేశంలోనే మేటి అనిపించుకున్నాడు. స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ ఊరూరా కచేరీలు చేసినప్పుడు ఆ బృందంలో ఉన్నాడు. జాజ్ మహానుభావుడు చార్లీ పార్కర్ తీగవాద్యాలతో చేసిన రికార్డుల్లోనూ ఓబో వాయించాడు. 1950లో కొలంబియా రికార్డుల కంపెనీలో జనరంజక సంగీతానికి పెద్దయ్యాడు. ఎవరేం పాడాలో తేల్చేది ఆయనే. గాయకుడు ఫ్రాంక్ సినాట్రా అంతటివాడి పాటలో కుక్క అరుపులు పెట్టించాడు! సినాట్రాకు ఆ కోపం చాలాకాలం పోలేదు.

అలాంటివాడు 1958లో మగవాళ్ల బృందంతో 'సింగ్ ఎలాంగ్ విత్ మిచ్' అనే రికార్డు చేశాడు. అందులో ఉన్నవి కొత్త పాటలు కావు, తాతల కాలంలో పియానో చుట్టూ చేరి పాడుకున్న పాటలు. అంత విద్వాంసుడు తన విద్యనంతా పక్కన పెట్టి, పాడటం రానివాళ్ల కోసం పనిచేయడం నాకు ఎంతో నచ్చింది.

పాడటం రానివాళ్ల చేత పాడించే పద్ధతి మనకూ ఉంది. మన రామమందిరంలో ధనుర్మాసం భజన తెలుసుగా. ముందు ఒకరు అందుకుంటారు, తక్కినవాళ్లు అదే చరణం తిరిగి అంటారు. రానివాడికి అదే బడి. మా మేనత్తకు అక్షరం ముక్క రాదు. రామదాసు కీర్తనలన్నీ అలా విని నేర్చుకున్నవే. తాళాలు ఎవరి చేతికందితే వాళ్లు వాయించేవారు. తాళం తప్పితే పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవారు. తెల్లారకముందే ఆకుదొన్నెలో వేడి చక్రపొంగలి, చలికి వణికే చేతులు... మిల్లర్ రికార్డులో ముందు చెప్పేవాళ్లు లేరు, అందరూ ఒక్కసారే అందుకోవాలి. పల్లవి తప్ప గుర్తులేనివాడు చరణం దగ్గర మూగవాడైపోతాడు. ఆ కాగితం అతని చేత పాడించింది.

తర్వాత ఎన్‌బీసీ టీవీలో 1961 నుంచి 1964 వరకు ఇదే పేరుతో కార్యక్రమం వచ్చింది. మాటలు తెర అడుగున కనిపించేవి. అందులో లెస్లీ ఉగమ్స్ అనే నల్లజాతి యువతి పాడేది. బడుల్లో, బస్సుల్లో, భోజనశాలల్లో నల్లవాళ్లను వేరుగా ఉంచుతున్న రోజులవి. దక్షిణాది స్టేషన్లు కొన్ని ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేయబోమన్నాయి. మిల్లర్ ఆమెను తొలగించడానికి ఒప్పుకోలేదు. ఈ దేశపు చరిత్ర చదివేటప్పుడు నా మనసు తరచు బరువెక్కుతుంది. కలిసి పాడుకుందాం రమ్మని పిలిచినవాడు ఆ పిలుపులోంచి ఒక మనిషిని మినహాయించకపోవడం నాకు ఆయన రికార్డులన్నిటికంటే పెద్ద విషయం.

1964లో బీటిల్స్ అనే రాక్ బృందం అమెరికాలో అడుగుపెట్టింది. కుర్రకారు అటు వెళ్లింది, ఆ ఏడాదే మిల్లర్ కార్యక్రమం ఆగిపోయింది. రాక్ సంగీతాన్ని ఆయన ఎప్పుడూ మెచ్చలేదు. విమర్శకులు దానికి ఆయన్ని తిట్టారు, అందులో న్యాయమూ ఉంది. ఆ సంగీతంలో ఉన్న బలం ఆయన చెవికి ఎక్కలేదు. కానీ రాక్ వచ్చాక పాట వేదిక మీదికి వెళ్లిపోయింది, ఇంట్లోవాళ్లు శ్రోతలుగా మిగిలారు.

ఇక్కడి మా తెలుగు సంఘంలోనూ అదే జరుగుతోంది. మైకు పట్టుకున్నవాళ్లు నలుగురు, కింద ఫోన్లు పట్టుకున్నవాళ్లు నాలుగొందలమంది. ఈ సంక్రాంతికి సినిమా పాటల కచేరీ ఒక గంట తగ్గించి, గొబ్బిపాటలు అచ్చేసి అందరికీ పంచుదామని కమిటీని అడిగాను. ఇక్కడ పుట్టిన పిల్లల కోసం ఒక పక్క ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేయమన్నాను. పావుగంట ఇస్తామన్నారు. కాగితాల ఖర్చు నాదే.