రివాకి గొంతు ఎందుకు రాలేదు

నా సిద్ధాంత గ్రంథంలో 'గొంతు' అనే మాట పేజీకొకసారైనా ఉంటుంది. గొంతు విప్పడం, గొంతు నొక్కడం, గొంతు లేనివాళ్లకి గొంతునివ్వడం. అక్క దాన్ని తిరగేసి, ఆ మాట ఉన్న చోటల్లా పెన్సిల్‌తో గీత గీసి, 'మరి నా సంగతేంటి?' అని సైగ చేసింది. అక్కకి పుట్టుకతోనే వినపడదు.

ఆ ప్రశ్న నన్ను ఒక అమెరికన్ టీవీ సీరియల్ దగ్గరికి తీసుకెళ్లింది. సబ్‌టైటిల్స్ ఉంటాయి కాబట్టి 'స్టార్ ట్రెక్' మేమిద్దరం కలిసి చూడగలం.

వందల ఏళ్ల తర్వాతి లోకాన్ని ఊహించేవాళ్లు అందులో వికలాంగులకి ఎక్కడ చోటిస్తారు? 1966లో వచ్చిన 'ది మెనాజరీ'లో కెప్టెన్ పైక్ ప్రమాదంలో శరీరం, మాట రెండూ పోయి చక్రాల కుర్చీలో ఉంటాడు. కుర్చీకున్న లైటు ఒకసారి వెలిగితే అవును, రెండుసార్లు వెలిగితే కాదు. స్పాక్ అతన్ని వేరే గ్రహానికి తీసుకెళ్లాలనుకుంటాడు. పైక్ కాదు, కాదు అని లైటు వెలిగిస్తూనే ఉంటాడు. స్పాక్ వినడు. అంతా అతని మంచికేనట! చివరికి పైక్ ఒప్పుకుంటాడు. ఆ గ్రహంలో అతనికి దక్కేది ఆరోగ్యంగా ఉన్నట్టు ఒక భ్రమ.

1989 జనవరిలో వచ్చిన 'లౌడ్ యాజ్ ఎ విస్పర్' వేరు. రెండు వర్గాల యుద్ధం ఆపడానికి వచ్చిన మధ్యవర్తి రివా బధిరుడు. అతని మనసులో మాటని ముగ్గురు సహచరులు పలుకుతుంటారు. ఇద్దరు మగవాళ్లు పాండిత్యాన్ని, ఆవేశాన్ని పంచుకుంటే, ఆడమనిషికి మిగిలింది సర్దుబాటు. (ఇక్కడ అక్క, నేను ఒకేసారి నవ్వాం.) ఆ ముగ్గురూ హతమైపోతారు. మొదట రాసిన స్క్రిప్టులో ఆ తర్వాత రివా మాట్లాడగలుగుతాడు. ఆ పాత్ర వేసిన హోవీ సీగో స్వయంగా బధిరుడు. అలా ముగిస్తే సైగ కన్నా మాటే గొప్పదని చెప్పినట్టవుతుందని నిర్మాతలని ఒప్పించి ముగింపు మార్పించాడు. తెర మీద రివా ఆ గ్రహంలోనే ఉండిపోయి, పోరాడుకునే రెండు వర్గాలకీ సైగల భాష నేర్పడానికి పూనుకుంటాడు. నేర్చుకోవాల్సిన బాధ్యత వినగలిగేవాళ్ల మీదికి మారింది.

సీగో పట్టుదల వెనక చరిత్ర ఉంది. 1880లో మిలాన్‌లో సమావేశమైన బధిర విద్యా నిపుణులు, ఎక్కువమంది వినికిడి ఉన్నవాళ్లే, సైగలు వద్దు, మాటే నేర్పాలని తీర్మానించారు. ఆ తీర్మానం ఎన్నో దేశాల బడుల్లోకి పాకింది. అక్క చదివిన బడిలో సైగ చేస్తే చేతుల మీద స్కేలు పడేది. ఈ ఎపిసోడ్‌కి పది నెలల ముందు, 1988 మార్చిలో, వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తమకి బధిర అధ్యక్షుడే కావాలని వారం పాటు పోరాడి గెలిచారు.

బధిర స్త్రీకి ఇలాంటి పాత్ర దొరకడానికి ఇంకా చాలాకాలం పట్టిందనిపిస్తుంది. బ్రిటన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో 2015లో వచ్చిన రెండు భాగాల కథలో కాస్ నీటి అడుగు స్థావరానికి అధికారి. ఆ పాత్ర వేసిన సోఫీ స్టోన్ బధిర నటి. దయ్యాల పెదవుల కదలికని చదివేది కాసే. ఆమె సైగలని మాటల్లో చెప్పే లన్‌ని ప్రమాదం ఉన్న చోటికి పోనివ్వనిదీ ఆమే. అనువాదకుడు ఆమె కింద పనిచేస్తాడు. అక్కకి ఇది బాగా నచ్చింది.

కానీ అక్క వెనక్కి వెళ్లి మళ్లీ పెట్టమన్నది పైక్ దృశ్యం. లైటు రెండుసార్లు వెలగగానే ఆపి నా వైపు చూసింది. నాకు అర్థమైంది.

నేను డిగ్రీలో ఉండగా అక్కకి పెళ్లిచూపులు. అబ్బాయి తల్లి ఏదో అడిగింది. అక్క 'నాకీ సంబంధం వద్దు' అంది, చేతులతో, స్పష్టంగా. అందరూ నా మొహంలోకి చూశారు. 'అక్క కొంచెం ఆలోచించుకుంటానంటోంది' అన్నాను. మర్యాద కాపాడాననుకున్నాను కూడా. వాళ్లే వద్దనుకోబట్టి సరిపోయింది.

ఈ వ్యాసం అక్క చదివింది. తను అన్నదానికి నేను రాసిన అర్థం అది కాదని ఒక పేరా కొట్టేసింది. దాన్ని తీసేశాను.