ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి సిబ్బంది (భారతదేశం)

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి సిబ్బంది అంటే ప్రభుత్వ ఉపాధి కల్పనా కార్యాలయాల్లో పనిచేసే అధికారులు, గుమాస్తాలు. ఉద్యోగం కోరి వచ్చినవారి వివరాలు నమోదు చేసుకోవడం, యజమానుల నుంచి ఖాళీల సమాచారం రాబట్టడం, ఆ ఖాళీలకు తగినవారి పేర్లు పంపడం, వృత్తి మార్గదర్శనం చేయడం, ఉపాధి గణాంకాలు సమకూర్చడం వీరి విధులు. భారతదేశంలో ఈ వ్యవస్థ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైంది. 1945లో జాతీయ స్థాయి సంస్థగా రూపుదిద్దుకుంది. 1956లో దాని రోజువారీ పాలన రాష్ట్రాల చేతికి వచ్చింది. ఏ దశలోనూ ఈ సిబ్బందికి ఉద్యోగం ఇచ్చే అధికారం లేదు. ఖాళీ ఎక్కడుందో తెలుసుకుని మనిషిని అక్కడికి పంపడం వరకే వారి పరిధి. ప్రజలు వారి నుంచి ఆశించినదానికీ చట్టం వారికి ఇచ్చినదానికీ మధ్య ఎడం మొదటి నుంచీ ఉంది.

నేపథ్యం

ప్రభుత్వ కార్యాలయాలు రాకముందు కూలీలను పనిలో పెట్టించే బాధ్యత మధ్యవర్తులదే. బొంబాయి మిల్లుల్లో జాబర్, కలకత్తా జనపనార మిల్లుల్లో సర్దార్ ఆ పని చేసేవారు. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలను మేస్త్రీలు తీసుకెళ్లేవారు. మలయా రబ్బరు తోటల్లో ఇదే పని కంగాణీలది. మనుషులను పోగుచేసేదీ, బయానా ఇచ్చేదీ, పనిచోట అజమాయిషీ చేసేదీ ఒక్కడే కావడంతో కూలీకి అతని మాట దాటే వీలుండేది కాదు.

బ్రిటన్‌లో 1909లో లేబర్ ఎక్స్ఛేంజీల చట్టం వచ్చింది. అప్పటి వాణిజ్య మంత్రి విన్‌స్టన్ చర్చిల్ దాన్ని తెచ్చారు, అమలు బాధ్యతను విలియం బెవరిడ్జ్ చేపట్టారు. 1910 ఫిబ్రవరి 1న తొలి కార్యాలయాలు తెరుచుకున్నాయి. 1911 జాతీయ బీమా చట్టం తర్వాత అక్కడి గుమాస్తాలు పని చూపించడంతోపాటు నిరుద్యోగ భృతి కూడా పంచవలసి వచ్చింది. ఈ రెండు పనులు ఒకే బల్ల మీద జరగడం బ్రిటిష్ పద్ధతి అయింది. భారతదేశంలో అది రాలేదు.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన రెండో ఒడంబడికలో, రుసుము తీసుకోని ప్రభుత్వ ఉపాధి కార్యాలయాలు నెలకొల్పాలని సభ్యదేశాలను కోరింది. భారతదేశం 1921లో దాన్ని ఆమోదించి, 1938లో వైదొలగింది. మధ్యలో 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ రాయల్ కమిషన్ కూడా ఈ కార్యాలయాల వల్ల పెద్ద ప్రయోజనం చూడలేదు. మిల్లు గేటు ముందే కావలసినంత మంది నిలబడి ఉన్నప్పుడు యజమాని ప్రభుత్వ కార్యాలయం దాకా ఎందుకు వస్తాడన్నది అప్పటి ప్రశ్న.

యుద్ధకాలపు పుట్టుక

ఆ పరిస్థితిని యుద్ధం తిరగేసింది. ఆయుధ కర్మాగారాలకు ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు చాలలేదు. సాంకేతిక నిపుణులను యుద్ధ అవసరాలకు మళ్లించేందుకు ప్రభుత్వం 1940లో ఆర్డినెన్సు తెచ్చి ట్రిబ్యునళ్లు ఏర్పాటు చేసింది. 1943 నుంచి నైపుణ్యం ఉన్న కార్మికుల కోసం కొన్ని ఎక్స్ఛేంజీలు తెరిచింది.

యుద్ధం ముగింపు దశకు రాగానే సమస్య తలకిందులైంది. భారత సైన్యంలో చేరిన పాతిక లక్షల మందిలో అధిక భాగం ఇళ్లకు తిరిగి రావలసి ఉంది. యుద్ధ పరిశ్రమల్లో పనిచేసినవారికీ పని పోతోంది. వీరికి పునరావాసం చూపడానికి 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. తొలి తరం సిబ్బంది ముందు కూర్చున్నవారు ఎక్కువగా మాజీ సైనికులే. సైన్యంలో నేర్చిన పనిని పౌర జీవితంలోని వృత్తితో జతచేయడం వారి తొలి కసరత్తు. సైనిక వాహనాలు బాగుచేసినవాడు ఏ వర్క్‌షాపుకు పనికొస్తాడో, వైర్‌లెస్ నడిపినవాణ్ని ఏ శాఖకు పంపాలో వారు తేల్చవలసి వచ్చేది.

1947 దేశ విభజనతో శరణార్థులు ఈ కార్యాలయాలకు వచ్చారు. ప్రజల ఒత్తిడి మేరకు పరిధి క్రమంగా విస్తరించింది. 1948 ఆరంభానికి ఎక్స్ఛేంజీల తలుపులు అన్ని వర్గాల వారికీ తెరుచుకున్నాయి. ఒక అవసరం కోసం పుట్టిన తాత్కాలిక విభాగం అప్పటి నుంచి నిరుద్యోగులందరి చిరునామా అయింది.

శివరావు కమిటీ, రాష్ట్రాలకు బదిలీ

ఈ సంస్థను ఉంచాలా, ఉంచితే ఎవరి చేతిలో ఉండాలి అన్నది తేల్చడానికి 1952లో బి. శివరావు అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. పాత్రికేయుడు, కార్మిక నాయకుడు, రాజ్యాంగ సభ సభ్యుడు అయిన శివరావు కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. వ్యవస్థ శాశ్వతంగా ఉండాలనీ, విధానం, సమన్వయం కేంద్రం చూసుకుని రోజువారీ పాలన రాష్ట్రాలకు అప్పగించాలనీ సూచించింది. 1956 నవంబరు 1న ఆ బదిలీ జరిగింది. ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ అదే రోజు. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించే పద్ధతి 1969 మార్చి దాకా సాగింది. ఆ తర్వాత భారమంతా రాష్ట్రాల మీద పడింది.

సిబ్బంది స్థాయి గురించి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ కాలంలోనే వచ్చింది. 1948లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆమోదించిన 88వ ఒడంబడిక ప్రకారం ఉపాధి సేవల్లో పనిచేసేవారు ప్రభుత్వోద్యోగులై ఉండాలి. ప్రభుత్వాలు మారినా వారి కొలువు కదలకూడదు, బయటి ఒత్తిళ్లకు వారు లోబడే పరిస్థితి ఉండకూడదు. భారతదేశం దీన్ని 1959లో ఆమోదించింది. సిఫారసు ఉత్తరాలు చెల్లుబాటయ్యే సమాజంలో, ఎవరి పేరు పంపాలో నిర్ణయించే గుమాస్తాకు ఈ రక్షణ నామమాత్రమైనది కాదు.

1959 చట్టం

ఖాళీల తప్పనిసరి ప్రకటన చట్టం 1959లో వచ్చి, 1960 మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ రంగ సంస్థలన్నీ, వ్యవసాయేతర ప్రైవేటు రంగంలో 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపవలసి ఉండేది. వ్యవసాయం, ఇంటిపని, మూడు నెలల లోపు కొలువులు, నెలకు 60 రూపాయల లోపు జీతం ఉన్న ఉద్యోగాలు దీని పరిధిలోకి వచ్చేవి కావు. పదోన్నతి ద్వారా నింపేవి, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా నింపేవి కూడా అంతే.

యజమాని మూడు నెలలకోసారి ఈఆర్-1, రెండేళ్లకోసారి ఈఆర్-2 అనే రిటర్నులు పంపవలసి ఉండేది. మొదటిది ఎంతమంది పనిచేస్తున్నారో, ఎన్ని ఖాళీలున్నాయో చెప్పేది. రెండోది ఏయే వృత్తులవారు ఎందరున్నారో చెప్పేది. వీటిని సరిచూడటానికి అధికారి సంస్థ ఆవరణలోకి వెళ్లి రికార్డులు తనిఖీ చేసే వీలుండేది. ఖాళీ తెలపకపోతే మొదటి తప్పుకు 500 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతి తప్పుకు 1,000 రూపాయల వరకు జరిమానా ఉండేది. దశాబ్దాలు గడిచేకొద్దీ ఈ మొత్తాలు యజమానిని భయపెట్టేవిగా మిగల్లేదు. పైగా రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన అధికారి అనుమతి లేకుండా కేసు పెట్టడానికి వీలుండేది కాదు.

చట్టంలో అసలు మెలిక నాలుగో సెక్షన్లో ఉండేది. ఖాళీ తెలపడం తప్పనిసరే అయినా, ఎక్స్ఛేంజి పంపినవారినే తీసుకోవాలన్న నిర్బంధం ఉండేది కాదు. ప్రైవేటు సంస్థలు కాగితం పంపి, మనుషులను తమ దారిన తీసుకునే అలవాటుకు ఇది వీలు కల్పించింది.

కార్యాలయంలో పని తీరు

రిజిస్ట్రేషన్‌కు వచ్చిన అభ్యర్థి వివరాలు ఎక్స్-1 అనే సూచిక కార్డు మీదకు ఎక్కేవి. విద్యార్హత, అనుభవం, కులం, భాషలు, ఎక్కడికైనా వెళ్లి పనిచేస్తాడా అన్న సంగతి అందులో ఉండేవి. అభ్యర్థి చేతికి ఎక్స్-10 గుర్తింపు కార్డు ఇచ్చేవారు. జనం నోట ‘ఎంప్లాయ్‌మెంట్ కార్డు’ అయినది ఇదే. గడువులోగా రెన్యువల్ చేయించుకోకపోతే పేరు తొలగిపోయి సీనియారిటీ పోయేది. అందుకే ఏళ్ల తరబడి కార్డును పదిలంగా దాచుకున్న ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి.

కార్డుకు సరైన వృత్తి సంకేతం వేయడం గుమాస్తా నైపుణ్యానికి పరీక్ష. దీనికి ఆధారం జాతీయ వృత్తుల వర్గీకరణ. 1958లో తొలిసారి వచ్చిన ఈ గ్రంథాన్ని 1968, 2004, 2015లలో సవరించారు. 1968 నాటి ఐదంకెల సంకేతం 2004లో ఆరు, 2015లో ఎనిమిది అంకెలకు పెరిగింది. సంకేతం తప్పు పడితే అభ్యర్థి కార్డు వేరే కట్టలో పడిపోయేది. తన అర్హతకు తగిన ఖాళీ వచ్చినా పిలుపు వచ్చేది కాదు.

ఖాళీ అందగానే ఆ వృత్తి కింద ఉన్న కార్డులు తీసి, రిజిస్ట్రేషన్ సీనియారిటీ, రిజర్వేషన్, ప్రాధాన్య వర్గాలు చూసి, ఒక్కో పోస్టుకు కొన్ని పేర్ల చొప్పున జాబితా పంపేవారు. మాజీ సైనికులకు, ప్రభుత్వ కొలువు నుంచి తొలగింపునకు గురైనవారికి ప్రాధాన్యం ఉండేది. రిజిస్టరులో మిగిలినవారి మొత్తాన్ని లైవ్ రిజిస్టర్ అంటారు.

రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో యువతకు వృత్తి మార్గదర్శనం, విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార కేంద్రాలు వచ్చాయి. 1959లో బొంబాయిలో వికలాంగుల కోసం తొలి ప్రత్యేక ఎక్స్ఛేంజి తెరిచారు. సిబ్బంది శిక్షణ కోసం 1964లో ఢిల్లీలో కేంద్ర పరిశోధన, శిక్షణ సంస్థ ఏర్పడింది. నోయిడాలోని నేటి జాతీయ కెరీర్ సర్వీస్ సంస్థ దాని కొనసాగింపే.

కోర్టు తీర్పులు

ప్రభుత్వ పోస్టులను ఎక్స్ఛేంజి ద్వారానే నింపాలన్న కార్యనిర్వాహక ఆదేశాలు ఈ కార్యాలయాలకు చాలాకాలం బలమిచ్చాయి. 1987లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను సమర్థించింది. ఎక్స్ఛేంజి నుంచే తీసుకోవాలని 1959 చట్టం ఎవరినీ నిర్బంధించదని స్పష్టం చేస్తూనే, ప్రభుత్వం తన నియామకాలకు ఆ నియమం పెట్టుకోవడం సమానావకాశాలకు విరుద్ధం కాదని జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తీర్పు రాశారు.

తొమ్మిదేళ్లకు దారి మారింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో, ఎక్స్ఛేంజి జాబితాలో పేరు లేదన్న కారణంతో అర్హులను పక్కన పెట్టడం న్యాయం కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించుకోవడంతోపాటు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, రేడియో, టెలివిజన్, నోటీసు బోర్డుల ద్వారా కూడా తెలపాలి, వచ్చినవారందరినీ పరిశీలించాలి అన్నది ఆ తీర్పు సారం. గుమాస్తా పంపే జాబితా అక్కడి నుంచి అభ్యర్థుల రాకకు ఉన్న అనేక దారుల్లో ఒకటిగా మిగిలింది.

రిజిస్టరు భారం

2001లో దేశవ్యాప్తంగా లైవ్ రిజిస్టర్లో సుమారు 4.2 కోట్ల పేర్లుంటే, ఆ ఏడాది ఎక్స్ఛేంజీల ద్వారా కొలువు దొరికినవారు సుమారు 1.7 లక్షలు. రిజిస్టరులో ఉన్న ప్రతివారూ నిరుద్యోగులు కారు. చదువుకుంటున్నవారు, చిన్న పని చేస్తూ మెరుగైనది కోరుతున్నవారు కూడా అందులో ఉన్నారు. పని దొరికి కూడా పేరు తీయించుకోనివారున్నారు. అయినా ఈ నిష్పత్తి సిబ్బంది పనిలో వచ్చిన మార్పును చూపిస్తుంది. పని చూపించడానికి వచ్చిన ఉద్యోగి రోజులో ఎక్కువ సమయం వరుసను కాపాడటానికీ, రెన్యువల్ ముద్రలు వేయడానికీ వెచ్చించాడు.

నిరుద్యోగ భృతి విషయంలో భారతీయ సిబ్బంది పాత్ర పరోక్షమైనది. కేరళ వంటి రాష్ట్రాల్లో భృతికి ఎక్స్ఛేంజి రిజిస్ట్రేషన్ అర్హతగా నిలిచింది. బీమా ఉన్న కార్మికులకు ఉద్యోగం పోయినప్పుడు సాయం అందించే పథకాలను, అంటే 2005 నాటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనను, 2018 నాటి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనను కార్మిక రాజ్య బీమా సంస్థ నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం కింద నెలకు 1,000 రూపాయల భృతికి ఆన్‌లైన్ పోర్టల్లో దరఖాస్తు చేసుకునే ఏర్పాటు జరిగింది.

డిజిటల్ దశ

2015 జూలై 20న కేంద్రం జాతీయ కెరీర్ సర్వీస్ పోర్టల్ ప్రారంభించింది. అదే ఏడాది డైరెక్టరేట్ జనరల్‌లోని శిక్షణ విభాగాలు నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖకు వెళ్లాయి. పారిశ్రామిక శిక్షణనూ ఉపాధి సేవలనూ ఒకే గొడుగు కింద ఉంచిన ఏడు దశాబ్దాల అమరిక కేంద్ర స్థాయిలో అలా విడిపోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి, శిక్షణ ఒకే శాఖగా నడిచిన ఆనవాయితీ కార్యాలయాల చోటులో కనిపిస్తుంది. హైదరాబాద్ మల్లేపల్లిలో ఎక్స్ఛేంజి ఐటీఐ ప్రాంగణంలోనే ఉంది. ఇప్పుడు జిల్లా ఉపాధి కల్పనాధికారి పేరు పత్రికల్లో ఎక్కువగా కనిపించేది జాబ్ మేళా ప్రకటనల్లో. కంపెనీలను ఒప్పించి రప్పించడం, అభ్యర్థులను ఇంటర్వ్యూకు సిద్ధం చేయడం, కళాశాలల్లో కౌన్సెలింగ్ ఇవ్వడం కార్డుల కట్టల స్థానంలోకి వచ్చాయి.

2020 నాటి సామాజిక భద్రత కోడ్ 1959 చట్టాన్ని తనలో కలుపుకుని, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఎక్స్ఛేంజి పేరు స్థానంలో అది ‘కెరీర్ సెంటర్’ను పెట్టింది. ఖాళీ తెలిపినంత మాత్రాన ఆ సెంటర్ ద్వారానే నియమించుకోవాలన్న బాధ్యత యజమానికి లేదన్న పాత నిబంధనను మాత్రం అలాగే ఉంచింది.