కాచినా చావని క్రిమి

తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ వేయించుకోమంటారు పెద్దలు. పాపం, తుప్పుకి ఆ చెడ్డపేరు ఊరికే వచ్చింది. ధనుర్వాతం తెచ్చే క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. 1884లో జర్మనీలోని గోటింగెన్‌లో నికోలయర్ అనే వైద్యుడు తోటమట్టిని జంతువుల చర్మం కిందికి ఎక్కించి ఈ జబ్బు తెప్పించాడు. క్రిమి కనబడింది గానీ విడిగా చిక్కలేదు. ఎన్నిసార్లు పెంచినా వేరే క్రిములు కలిసి పెరిగేవి. అసలు ఇది ఒంటరిగా బతకదేమో అన్న అనుమానం కూడా పుట్టింది.

చిక్కు విప్పింది బెర్లిన్‌లో క్రిముల శాస్త్రవేత్త కోఖ్ దగ్గర పనిచేస్తున్న జపాన్ వైద్యుడు కితసాతో. డప్పు పుల్లలా ఒక కొన ఉబ్బి ఉండే ఈ క్రిమికి ఆ ఉబ్బులోనే బీజం ఉంటుంది. అది వేడికి ఒక పట్టాన చావదు. కితసాతో రోగి పుండు రసిలోంచి పెంచిన క్రిములన్నిటినీ 80 డిగ్రీల దగ్గర గంట దాకా కాచాడు. తక్కినవి చచ్చాయి, ఇది మిగిలింది. గాలి తగిలితే పెరగదు కాబట్టి హైడ్రోజన్ నింపి పెంచాడు. 1889లో క్రిమి శుద్ధంగా చేతికొచ్చింది. దాని మొండితనాన్నే దానికి ఉచ్చుగా వాడిన ఈ ఉపాయం నాకు టీకా కన్నా గొప్పగా తోస్తుంది.

క్రిమి పుండు దాటి పోదు. ఒంటిని విల్లులా వంచేది అది వదిలే విషం. 1890లో జర్మన్ వైద్యుడు బేరింగ్, కితసాతో కలిసి, ఆ విషానికి అలవాటు చేసిన కుందేలు రక్తంలోని సీరం ఎలుకలకిస్తే అవి బతుకుతాయని చూపించారు. 1901లో నోబెల్ మాత్రం బేరింగ్‌కే దక్కింది. సీరం బలం కొన్ని వారాలే. 1920లలో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విషాన్ని ఫార్మలిన్‌తో విరిచి టీకా చేశారు.

ఆ టీకా పడకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 2017లో అమెరికాలోని ఆరెగాన్‌లో పొలం దగ్గర ఆడుకుంటూ ఆరేళ్ల పిల్లాడు నుదురు చీరుకున్నాడు. ఏ టీకా పడలేదు. గాయాన్ని ఇంట్లోనే కుట్టారు. ఆరో రోజుకి దవడలు బిగిశాయి. ఆస్పత్రిలో మంచినీళ్లు అడిగాడు, తాగడానికి నోరు తెరుచుకోలేదు. చప్పుడుకే ఈడ్పు వస్తుందని చెవులు మూసి చీకటి గదిలో ఉంచారు. విషానికి విరుగుడు, టీకా తొలి మోతాదు రెండూ ఇచ్చారు. 57 రోజులకి బయటపడ్డాడు. ప్రాణం తీయగల విషం కూడా శరీరానికి పాఠం నేర్పేంత ఉండదు, అందుకే జబ్బు వచ్చి తగ్గినా రక్షణ రాదు. డాక్టర్లు ఇదంతా చెప్పినా తల్లిదండ్రులు రెండో మోతాదు వద్దన్నారు.